రాయల కాలపు కబాయి, కుళ్లాయి ఇంట్లో కుట్టుకోవాలంటే

ప్రశ్న: అక్కా, నాకు మిషన్ మీద దిండు గలీబులు, ప్యాంటు అంచులు కుట్టడం వచ్చు. కుర్తాలు రెండు కుట్టాను, ఒకటి పర్లేదు. శ్రీకృష్ణదేవరాయల కాలంలో కొలువుకు వెళ్ళే మగవాళ్ళు ఎలాంటి బట్టలు వేసుకునేవారో, అచ్చం అలాంటి జత ఒకటి నా కోసం కుట్టుకోవాలని ఉంది. మెరూన్ వెల్వెట్ చూసి పెట్టుకున్నాను. ప్యాటర్న్ ఎక్కడ దొరుకుతుంది? ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు:

అక్కా అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తాను. వెల్వెట్ చూసి మాత్రమే పెట్టుకున్నావు కదా, డబ్బు కట్టలేదు కదా? కట్టేసి ఉంటే కర్టెన్లు కుట్టుకో.

మనందరి బుర్రల్లో రాయలవారంటే ఒక బొమ్మ ఉంది. వెల్వెట్ అంగీ, భుజాల మీద జరీ కుచ్చులు, తలమీద కిరీటం, కాళ్ళకు ముక్కు తిరిగిన చెప్పులు. అది సినిమాల వాళ్ళు, నాటకాల వాళ్ళు వేసిన బొమ్మ. వాళ్ళను తప్పు పట్టను. నాటకంలో ఆఖరి వరసలో చాప మీద కూర్చున్నవాడికి కూడా రాజెవరో, మంత్రి ఎవరో ఒక్క చూపులో తెలియాలి. సురభి వాళ్ళు 1885 నుంచి ఆడుతున్నారంటే ఆ మెరుపుకి కూడా వాటా ఉంది. కానీ నువ్వు అడిగింది "అచ్చం అలాంటిది". అలాంటిది కావాలంటే ముందు ఆ బొమ్మని బుర్రలోంచి తీసేయాలి. కుట్టు నేర్చుకోవడం కన్నా అదే కష్టం.

నేను మొదటిసారి కుట్టింది కూడా అద్దె బట్టల దుకాణం మోడలే. రెండు నెలలు కష్టపడి, జరీ లేసులు కుట్టి, మా ఆయనకి తొడిగి ఫోటో తీశాను. బ్యాండు మేళం మాస్టరులా ఉన్నాడు. ఆ తర్వాతే లేపాక్షి వెళ్ళాను.

ప్యాటర్న్ అక్కడ ఉంది. కాగితం మీద కాదు, కప్పు మీద. హిందూపురం నుంచి పదిహేను కిలోమీటర్లు ఉంటుంది. అచ్యుతదేవరాయల కాలంలో (1529-1542) విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు వీరభద్రుడి గుడి కట్టించారు. మండపాల కప్పు నిండా చిత్రాలు వేయించారు. వాటిలో ఆ అన్నదమ్ములే పరివారంతో దేవుడికి మొక్కుతున్న చిత్రం ఒకటుంది. కృష్ణరాయలు పోయింది 1529లో. అంటే ఆయన కొలువులో తిరిగిన తరమే ఇంకా బతికి ఉన్న రోజుల్లో గీసిన బొమ్మలివి. ఇంతకన్నా దగ్గరి సాక్ష్యం మనకి దొరకదు.

వెళ్ళేటప్పుడు చిన్న బైనాక్యులర్, ఒక దుప్పటి తీసుకెళ్ళు. మెడ ఎత్తి పది నిమిషాలకన్నా చూడలేవు. దుప్పటి పరుచుకుని వెల్లకిలా పడుకో. నన్ను చూసి ఒక పెద్దాయన కళ్ళు తిరిగాయేమో అనుకుని నీళ్ళ సీసా తెచ్చాడు. ఫ్లాష్ వాడొద్దు. పొద్దున్నే వెళితే మండపంలోకి పక్కనుంచి వచ్చే వెలుతురే సరిపోతుంది.

అక్కడ మగవాళ్ళ బట్టలు చూడు. పల్చటి తెల్లని పొడుగు అంగీ, మణికట్టు దాకా చేతులు. కింద కట్టుకున్న బట్ట అంగీలోంచి కనిపించేంత పల్చన. నడుముకి కట్టు. తలమీద పొడవాటి మెత్తటి టోపీ. అంతే. అంగీని కబాయి అనేవారు, టోపీని కుళ్లాయి. కబాయి అన్నది అరబీ "కబా" నుంచి, కుళ్లాయి పారశీక "కులాహ్" నుంచి వచ్చాయి. దక్కను సుల్తానులైన బహమనీల వైపు నుంచి, గుర్రాల వర్తకుల నుంచి, అక్కడి కొలువుల నుంచి వచ్చిన వేషం అది. ఫిలిప్ వాగనర్ అనే చరిత్రకారుడు 1996లో దీని గురించే వ్యాసం రాశాడు. విజయనగర రాజులు సుల్తానుల కొలువు దుస్తుల్ని ఎందుకు తమవి చేసుకున్నారో అందులో వివరించాడు. వీలైతే చదువు.

మన సాహిత్యంలో కూడా దీనికి ఒక సాక్షి ఉన్నాడు. శ్రీనాథుడు. కృష్ణరాయల కన్నా ముందు విజయనగరాన్ని ఏలిన ప్రౌఢదేవరాయల కొలువులో అడుగు పెట్టడానికి కుళ్లాయి పెట్టుకుని, కోక చుట్టుకుని, పెద్ద కూర్పాసం (అంగీ) తొడుక్కుని, వెల్లుల్లి వంటలు తిని, కన్నడ రాజ్యలక్ష్మి దగ్గర మొర పెట్టుకున్న చాటువు ఆయన పేరు మీదే ఉంది కదా. కవిసార్వభౌముడంతటివాడికే యూనిఫాం తప్పలేదు. అదే ప్రౌఢదేవరాయల్ని 1443లో చూసిన అబ్దుర్ రజాక్ అనే పారశీక రాయబారి, రాజు ఆకుపచ్చ సాటిన్ అంగీ వేసుకున్నాడనీ, మెడలో ముత్యాల పట్టీ ఉందనీ రాశాడు. కాబట్టి పట్టు లేదని అనను. ఉంది. కానీ మొదటి కబాయికి పట్టు వద్దు. ఎందుకో కింద చెబుతాను.

ఇక రాయలవారి సంగతి. డొమింగో పేస్ అనే పోర్చుగీసు వాడు 1520 ప్రాంతంలో ఆయన్ని కళ్ళారా చూశాడు. తెల్లటి బట్టలు, వాటి మీద బంగారు పోగుతో కుట్టిన గులాబీలు, మెడలో వజ్రాల పతకం, తలమీద జరీ గుడ్డ టోపీ, దాని మీద సన్నటి పట్టుగుడ్డ, కాళ్ళకు చెప్పుల్లేవు. ఇదీ అతను రాసింది. తర్వాత వచ్చిన ఇంకో పోర్చుగీసు వాడు నునిజ్ ఆ టోపీలను "కులాయిస్" అంటారని పేరుతో సహా రాసి, ఒక్కొక్కటి ఇరవై క్రుజాడోల (పోర్చుగీసు బంగారు నాణేల) విలువ చేస్తుందనీ, రాజు ఒకసారి తీసిన టోపీ మళ్ళీ పెట్టుకోడనీ చెప్పాడు. అతని మాటల్లో కుట్టేవాళ్ళకి పనికొచ్చే ముక్క ఇంకొకటుంది. రాజులు వేసుకునే పై బట్ట "గౌను అంచు ఉన్న చొక్కాలా" ఉంటుందట. అంటే ఒంటి పైభాగం చొక్కాలా అంటిపెట్టుకుని, కింద ఘేరు ఉన్న అంగీ. మన కటింగ్ అంతా ఆ ఒక్క ముక్క మీద నడుస్తుంది.

తిరుమలలో ఇద్దరు దేవేరులతో నిలబడ్డ రాయల విగ్రహం చూసే ఉంటావు. ఈసారి వెళ్ళినప్పుడు తలకేసి చూడు. కిరీటం ఉండదు. పొడుగు కుళ్లాయి ఉంటుంది. మనం వందసార్లు చూసి కూడా కిరీటమే గుర్తు పెట్టుకుంటాం.

ఇప్పుడు గుడ్డ.

పల్చటి చేనేత నూలు తీసుకో. నా మొదటి ఓటు పొందూరు ఖద్దరుకి. శ్రీకాకుళం జిల్లాలో కొండపత్తిని వాలుగ చేప దవడతో ఏకి, చేత్తో వడికి నేసే గుడ్డ అది. వంద కౌంటు, అంటే బాగా సన్నటి పోగుది, తీసుకుంటే ఒంటి మీద ఉన్నట్టే ఉండదు. కానీ ఖరీదు. చేయి తిరగని మొదటి జతకి అది పెట్టి గుండె దడ తెచ్చుకోవద్దు. మంగళగిరి తెల్ల నూలు గుడ్డ కొను, చాలు. మిల్లు మల్లు పీసు కూడా పనికొస్తుంది, కాకపోతే పోగులు మరీ ఒకే తీరుగా ఉండి కాస్త ఆసుపత్రి గుడ్డలా కనిపిస్తుంది.

ఒక దుకాణంలో "ప్యూర్ కాటన్ అమ్మా, గ్యారంటీ" అని నాకు ఆరు మీటర్లు అంటగట్టారు. ఇంటికొచ్చి ఒక పోగు లాగి అగ్గిపుల్ల ముట్టిస్తే కాగితంలా కాలి బూడిద కావాల్సింది, నల్లటి పూసలా ముద్ద కట్టింది. పాలిస్టర్ కలిపారు. అప్పటి నుంచి పోగు కాల్చి చూడకుండా రెండు మీటర్లు మించి కొనను. దుకాణంలోనే కాల్చమని అనడం లేదు. అర మీటరు కొని ఇంటికి తెచ్చి చూసుకో.

కొన్న గుడ్డని కోసే ముందు తప్పనిసరిగా తడిపి తీరాలి. రాత్రంతా నీళ్ళలో నానబెట్టు, ఆరేయి, మళ్ళీ ఇంకోసారి. నేనొకసారి ఈ పని ఎగ్గొట్టాను. కొత్త కబాయి 54 అంగుళాల పొడవు కుట్టి, మొదటి ఉతుక్కి 51 అంగుళాలు చేసుకున్నాను. చీలమండ దాకా రావాల్సింది పిక్క మీద ఆగింది. గంజి మాత్రం కుట్టాకే పెట్టు. గంజి పెట్టిన గుడ్డ మీద సూది చప్పుడు చేస్తుంది కానీ సరిగ్గా దిగదు.

ఇక కటింగ్. ఇక్కడ కాస్త నిదానంగా చదువు. వీలైతే పక్కన కాగితం పెట్టుకుని గీసుకో.

లేపాక్షి బొమ్మల్లో కుట్లు కనిపించవు. చిత్రకారుడికి మడతలు కావాలి కానీ మన చంకపీసులతో, అంటే చంక కింద వేసే చదరపు ముక్కలతో, పని లేదు. కాబట్టి బయటి రూపం బొమ్మ నుంచి తీసుకుని, లోపలి కోత మాత్రం పాత పద్ధతిలో, అంటే నలుచదరం ముక్కలూ ఏటవాలు ముక్కలూ కలిపి చేస్తాను. మెడ దగ్గర, చంక దగ్గర గుండ్రంగా చెక్కే ఈనాటి చొక్కా కటింగ్ మిల్లు గుడ్డ చవకగా దొరికే కాలానిది. చేత్తో వడికి నేసిన గుడ్డని అలా చెక్కి పారేయడానికి ఎవరికీ మనసొప్పదు. కోసిన ప్రతి ముక్కా ఎక్కడో ఒకచోట కూర్చోవాలి.

నీ ఎత్తు అయిదడుగుల ఆరు అంగుళాలు, ఛాతీ 38 అనుకుందాం. తడిపి ఆరేశాక గుడ్డ పన్నా (వెడల్పు) 44 అంగుళాలు, పొడవు 110 అంగుళాలు ఉండాలి. కుంచించుకుపోయేది కూడా చూసుకుని మూడుంపావు మీటర్లు కొను. పన్నా తక్కువైతే ఈ లెక్క సాగదు, పొడవు పెంచాలి.

ఛాతీ 38కి లూజు 6 కలిపితే 44. ముందు 22, వెనక 22. ఒంటి ముక్క వెడల్పు కుట్లకి వదిలేదానితో 23 అంగుళాలు. పొడవు మొత్తం 110. దీన్ని సగానికి మడిస్తే మడత భుజం మీద కూర్చుంటుంది. భుజం దగ్గర కుట్టే ఉండదు. కింద అంచు మడవడానికి ఒక్కో వైపు ఒక అంగుళం పోతే 54 అంగుళాల అంగీ. అంటే పన్నాలో 23 అంగుళాలు ఒక చివర నుంచి ఇంకో చివర దాకా నిలువుగా చింపేయడమే. కత్తెర అక్కర్లేదు, చిన్న గాటు పెట్టి చింపు. పోగు వెంట చినిగితే వంకర రాదు.

మిగిలింది 21 అంగుళాల వెడల్పు, 110 అంగుళాల పొడవు పట్టీ. అందులోంచి చేతులకి 24 అంగుళాల ముక్కలు రెండు. చేతిని ఒంటి ముక్కకి కలిపే కుట్టు ఈ కోతలో భుజం నుంచి కిందికి, చేతి మీదికి జారుతుంది కాబట్టి 24 సరిపోతుంది. ఒక్కో ముక్కని పొడవునా మడిస్తే చంక దగ్గర చుట్టుకొలత 20 వస్తుంది, మణికట్టు దగ్గర 10కి ఏటవాలుగా తగ్గించు. ఇంకా తగ్గిస్తే చెయ్యి దూరదు.

తర్వాత 40 అంగుళాల ముక్క ఒకటి. దాన్ని నిలువుగా రెండు చేయి, ఒక్కోటి పదిన్నర వెడల్పు. ఒక్కోదాన్ని మూల నుంచి మూలకి కోస్తే మొత్తం నాలుగు కలీలు, అంటే ఘేరు కోసం పక్కల్లో వేసే ముక్కోణపు ముక్కలు. ఇవే నునిజ్ చెప్పిన గౌను అంచు. అన్నీ కుట్టాక కింద ఘేరు 82 అంగుళాలు వస్తుంది. నడిస్తే కాళ్ళకు అడ్డం పడదు, నిలబడితే నిలువు మడతలు పడతాయి.

ఇంకా 22 అంగుళాలు మిగిలాయి. అందులో 5 అంగుళాల చదరాలు రెండు చంకపీసులకి, మెడ లోపలి పట్టీకి ఒక ముక్క, మెడ దగ్గర కట్టుకునే నాడాలకి సన్నటి పట్టీలు. నీ చేతిలో మిగిలేది రెండు గుప్పిళ్ళ చెత్త.

ఇందులో ఒకే ఒక్క చోట అందరూ తప్పు చేస్తారు. మూలకి కోసిన కలీకి ఒక పక్క నిలువు పోగు ఉంటుంది, రెండో పక్క ఏటవాలు. ఏటవాలు పక్క సాగుతుంది. రెండు కలీలనీ ఏటవాలు వైపులు కలిపి కుట్టావనుకో, వారం తిరిగేసరికి పక్క కుట్టు మధ్యలో వేలాడుతూ కుక్క చెవుల్లా తయారవుతుంది. అందుకని ఏటవాలు పక్కని ఒంటి ముక్క తిన్నటి అంచుకి కలుపు. ఒంటి అంచు సాగదు కాబట్టి కలీని కూడా పట్టి ఉంచుతుంది. అప్పుడు పక్క కుట్టులో రెండూ నిలువు పోగు వైపులే ఎదురవుతాయి. ఏటవాలు పక్క అంగుళం పైచిలుకు పొడవుంటుంది. దాన్ని లాగి సరిపెట్టకు. పై నుంచి కుట్టుకుంటూ వచ్చి కింద మిగిలింది మిగలనీ. మొత్తం కుట్టాక అంగీని హ్యాంగర్‌కి ఒక రాత్రంతా వేలాడదీసి, పొద్దున ఎవరికైనా తొడిగి, నేల నుంచి కొలుచుకుంటూ అంచు గీసి కోయి.

కుట్టే వరస చెబుతాను. ముందు మెడ. మెడ ఎప్పుడూ నువ్వనుకున్న దానికన్నా చిన్నదిగా కోయి. అడ్డం ఆరున్నర, ముందు మూడు, వెనక ఒకటి. ముందు మధ్యలో ఎనిమిది అంగుళాల చీలిక. పెద్దది చేయడం అయిదు నిమిషాల పని, చిన్నది చేయడం ఎవరి వల్లా కాదు. తర్వాత చేతులు, ఆ తర్వాత చేతికి చంకపీసు, ఆ తర్వాత కలీలు. ఆఖరికి మణికట్టు నుంచి చంక మీదుగా కింద అంచు దాకా ఒకే పొడుగు కుట్టు.

చంకపీసు మూలలు మొదటిసారి చుక్కలు చూపిస్తాయి. మిషన్ వద్దు, అక్కడ చేత్తో కుట్టు. కుట్టు మూలకి పావు అంగుళం ముందే ఆగాలి. ఆ పావు అంగుళం దాటి కుట్టితే బయటి వైపు చిటికెన వేలంత ముడత పడుతుంది. దాన్ని ఏ ఇస్త్రీ పోగొట్టదు. ఈ చిన్న ముక్క లేకుండా కుట్టేస్తే ఏమవుతుందంటావా? దండం పెట్టడానికి చేతులు ఎత్తగానే అంగీ మొత్తం మోకాళ్ళ దాకా లేస్తుంది. అదే ముక్క ఉంటే అంగీ కదలదు. లేపాక్షిలో విరూపణ్ణ చేతులు జోడించి నిలబడ్డ బొమ్మ నాకు ప్రతిసారీ చంకపీసునే గుర్తు చేస్తుంది, ఏం చేయను!

ఈ గుడ్డ పల్చన కాబట్టి లోపలి కుట్లు బయటికి కనిపిస్తాయి. ఓవర్‌లాక్ చేస్తే తెల్ల గొంగళిపురుగు పాకినట్టు ఉంటుంది. కుట్టు పావు అంగుళమే ఉంచి, ఒక అంచుని రెండోదాని మీదికి మడిచి చేత్తో అణిచి కుట్టు. మిషన్ వాడొచ్చా అని అడుగుతావని తెలుసు. సింగర్ మిషన్‌కి పేటెంటు వచ్చింది 1851లో. కాబట్టి "అచ్చం" అంటే మొత్తం చేత్తోనే. కానీ నేను పొడుగు కుట్లు మిషన్ మీదే లాగిస్తాను. మెడ, మణికట్టు, కింద అంచు, అంటే కంటికి కనబడే చోట్ల మాత్రం చెయ్యి. మొత్తం చేత్తోనే కుట్టాలని పట్టుబట్టి సగంలో వదిలేసిన కబాయిలు నాకు తెలిసినవాళ్ళ బీరువాల్లో చాలా ఉన్నాయి. పూర్తయిన మిషన్ కుట్టు మేలు.

పట్టు ఎందుకు వద్దన్నానో ఇప్పుడు తెలిసి ఉంటుంది. పైన చెప్పిన వాటిలో కనీసం రెండు కుట్లు విప్పుతావు. నూలు గుడ్డ మీద సూది రంధ్రాలు నీళ్ళు చల్లి గోరుతో రుద్దితే పూడుకుంటాయి. పట్టు మీద జన్మంతా ఉంటాయి.

కుళ్లాయి దగ్గరికి వద్దాం. నాకు ఇష్టమైన భాగం ఇదే, బాగా పరువు పోయింది కూడా ఇక్కడే.

బొమ్మ చూడగానే "ఓ, శంఖాకారం" అనుకున్నాను. తల చుట్టుకొలత 22, ఎత్తు 12. స్కూల్లో చదివిన లెక్క ప్రకారం పన్నెండున్నర అంగుళాల వ్యాసార్థంతో సుమారు 101 డిగ్రీల వృత్తఖండం కోస్తే చాలు. కోశాను, కుట్టాను, మా అబ్బాయి తలమీద పెట్టాను. "అమ్మా, కేకు ఎక్కడ?" అన్నాడు. అచ్చం పుట్టినరోజు కాగితం టోపీ.

మళ్ళీ ఫోటోలు తీసి చూస్తే తేడా తెలిసింది. కుళ్లాయి పక్కలు తిన్నగా వాలవు. నుదుటి పైన కాస్త దూరం దాదాపు నిలువుగా లేచి, పైకి పోయేకొద్దీ లోపలికి వంగి, కొస గుండ్రంగా ముగుస్తుంది. గట్టి టోపీ కాదు, గుడ్డ తన బరువుకి తాను కాస్త ఒరుగుతుంది. దీనికి నాలుగు రేకులు కావాలి. ఒక్కో రేకు అడుగున అయిదున్నర, రెండు వైపులా కుట్లకి అర అంగుళం చొప్పున కలిపి ఆరున్నర. ఎత్తు పదమూడు. అడుగు నుంచి అయిదు అంగుళాల దాకా వెడల్పు తగ్గించకు. అక్కడి నుంచి అరటిపువ్వు రేకులా వంపు తిప్పుకుంటూ కొసకి తీసుకెళ్ళు. కొస మరీ సూదిగా చేస్తే నాలుగు కుట్లు ఒకేచోట కలిసి గడ్డలా తయారవుతుంది. ముందు పాత దుప్పటి గుడ్డతో కుట్టి చూసుకో. నాకు నాలుగోసారికి వంపు కుదిరింది.

లోపల బకరం (బిగుసుకు నిలబడే గట్టి గుడ్డ) వేయకు. అద్దె కిరీటాల అలవాటు అది. పల్చటి నూలు లైనింగ్ వేసి, అడుగు నాలుగు అంగుళాలకి మాత్రం కాస్త మందం గుడ్డ ఇంకో పొర వేయి. తల చుట్టూ బిగువుగా నిలబడుతుంది, పైన మెత్తగా ఉంటుంది.

పై గుడ్డకి జరీ కావాలి. నలభై అంగుళాల పన్నా బ్రోకేడ్ అర మీటరు చాలు. హైదరాబాద్ పత్తర్‌గట్టిలో అయినా, విజయవాడ వస్త్రలతలో అయినా మీటరు లెక్కన దొరుకుతుంది. కానీ నా సలహా వేరే. ఇంట్లో చినిగిన పాత ధర్మవరం చీర ఏదైనా ఉందేమో అమ్మని అడుగు. ధర్మవరం కూడా లేపాక్షి ఉన్న జిల్లాలోదే. పాత చీర పైటకొంగులోంచి నాలుగు రేకులు సులభంగా వస్తాయి. నలభై ఏళ్ళ నాటి జరీ మెరుపు తగ్గి ఒకలాంటి నిదానమైన రంగుకి వస్తుంది, కొత్త బ్రోకేడ్ ఎంత పెట్టినా ఆ రంగు ఇవ్వదు. కోసే ముందు మాత్రం రెండుసార్లు అడుగు. మా అత్తగారు "తీసుకో" అన్న చీర ఒకటి, నేను కోసిన చీర ఇంకొకటి. ఆ కథ ఇక్కడ వద్దు.

బుటాలు ఉంటే నాలుగు రేకుల్లోనూ ఒకే ఎత్తులో పడేలా కోయి. ఒక బుటా అయినా నుదుటి మధ్యలో కూర్చోవాలి. తల మీదిది కాబట్టి అందరి కళ్ళూ అక్కడికే పోతాయి.

కింద పంచె మామూలుగా కట్టుకో. కబాయిలోంచి కనిపిస్తుంది కాబట్టి రంగు అంచు పంచె అయితే బాగుంటుంది. నడుముకి దట్టీ. మూడు మీటర్ల పొడవు, తొమ్మిది అంగుళాల వెడల్పు చాలు. చారలో, పూల వరసలో ఉన్న కలంకారీ గుడ్డ పెట్టొచ్చు. శ్రీకాళహస్తి కలం పని అయితే మరీ మంచిది, పెడన అచ్చు అయినా పర్లేదు. లేపాక్షిలో ఆడవాళ్ళ చీరల మీద చారలు, గళ్ళు, పూల వరసలు చూస్తే దట్టీకి ఎన్ని డిజైన్లు కావాలంటే అన్ని దొరుకుతాయి.

రంగుల విషయంలో ఒక జాగ్రత్త. ఆ చిత్రాల్లో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నలుపు, తెలుపు, కావి రంగులు ఎక్కువ. నీలం దాదాపు కనిపించదు. దాన్ని చూసి ఆ రోజుల్లో నీలం బట్టలు లేవని అనుకోకు. గోడ మీద వేసేవి మట్టి రంగులు, రాతి రంగులు. బట్టకి వేసేవి నీలిచెట్టు, చిరివేరు, కరక్కాయ. చిత్రకారుడి పళ్ళెంలో లేని రంగు అద్దకంవాడి కుండలో ఉండొచ్చు. మన కోస్తా నీలికీ చిరివేరు ఎరుపుకీ ఓడలెక్కి వచ్చి మరీ కొనుక్కున్నారు.

బంగారు గులాబీలు కుట్టాలని నీకు ఉబలాటంగా ఉంటుంది. రాయలవారి అంగీ మీద ఉన్నాయని పేస్ రాశాక ఎవరికి ఉండదు! మొదటి జతకి వద్దు. రెండోదానికి అంగుళం వెడల్పు పువ్వు ఒకటి గీసుకుని, చేతి చివర, మెడ చుట్టూ కొన్ని మాత్రమే కుట్టు. మగ్గం పని వాళ్ళకి ఇస్తే వాళ్ళు అడక్కుండానే మధ్యలో రాళ్ళు, కుందన్లు అతికిస్తారు. "జరీ పోగు మాత్రమే, ఇంకేమీ వద్దు" అని కాగితం మీద రాసివ్వు. నేను నోటితో చెప్పి వచ్చాను. తెచ్చుకుని చూస్తే పెళ్ళికూతురి జాకెట్టులా తళతళలాడింది. ఆ రాళ్ళన్నీ ఊడదీయడానికి నాకు రెండు ఆదివారాలు పట్టింది.

ఎంత టైం పడుతుందంటే, ఉద్యోగం చేసుకుంటూ రాత్రి గంట, ఆదివారం సగం రోజు పెడితే కబాయికి నాలుగు వారాలు, కుళ్లాయికి రెండు. డబ్బు మంగళగిరి గుడ్డతో, ఇంట్లో దొరికిన జరీతో చేస్తే ఒక మామూలు రెడీమేడ్ షేర్వాణీ కన్నా తక్కువే అవుతుంది. చెప్పుల ఖర్చు లేదు, రాయలవారే వేసుకోలేదు.

ఈ ఆదివారం గుడ్డ కొనకు. పాత దుప్పటి ఒకటి తీసుకుని పైన చెప్పిన కొలతలు చాక్‌పీసుతో గీసి, చింపి, టాకాలు వేసి తొడిగి చూడు. చేతులు పైకెత్తి ఒక ఫోటో, దించి ఒక ఫోటో, పక్క నుంచి ఒకటి తీసి ఇక్కడ పెట్టు. చంక దగ్గర ఎక్కడ లాగుతోందో చూసి చెబుతాను. మెడ మాత్రం నేను చూసేదాకా కోయకు.